వంకరపేటకు ప్లాను అప్రూవల్

వకుళకు ఆ మాఘమాసంలో రెండు శుభాలు జరిగాయి. మొదటిది పెళ్ళి. రెండోది, పెళ్ళయిన పందొమ్మిదో రోజున ఆఫీసులో తన బల్ల మీద కనబడిన ఉత్తర్వు. రాష్ట్ర బాలల బొమ్మల చిత్రాల సంస్థలో ఆరేళ్ళుగా ప్రొడక్షన్ డిజైనర్‌గా పనిచేస్తున్న ఆమెను దర్శకురాలిని చేశారు. బాలల దినోత్సవం నాటికి ఏడు నిమిషాల బొమ్మల సినిమా ఒకటి తీసి ఇవ్వమన్నారు. ఏ శుభం పెద్దదో తేల్చుకోలేక వకుళ రెండింటికీ కలిపి ఒకే కిలో మైసూర్‌పాక్ పంచింది.

ప్రొడక్షన్ డిజైనర్ అంటే ఏమిటని పెళ్ళిచూపుల్లో కాబోయే అత్తగారు అడిగితే, "బొమ్మల సినిమాలో ఊరెలా ఉండాలో, ఏ తలుపుకి ఏ రంగో, చెట్టు నీడ ఎటు పడాలో చెప్పే మనిషినండీ" అంది వకుళ.

"అయితే ఇల్లు సర్దడం వచ్చన్నమాట" అని ఆవిడ తృప్తిపడి సంబంధం ఖాయం చేసింది.

ఆరేళ్ళూ వకుళ ఇతరుల సినిమాలకు ఊళ్ళు గీసింది. తన కోసం మాత్రం ఒక ఊరు దాచిపెట్టుకుంది. దాని పేరు వంకరపేట. అక్కడ నిటారుగా ఉన్న గోడ ఒక్కటి కూడా ఉండదు. మధ్యాహ్నం అందరూ భోంచేసి కునుకు తీసే వేళకి ఇళ్ళన్నీ పక్కకి ఒరిగి, కప్పుకి కప్పు ఆనించి కబుర్లు చెప్పుకుంటాయి. అలాంటి ఊళ్ళోకి ఒక గడియార స్తంభం వస్తుంది. నిలువుగా, బిగుసుకుపోయి ఉంటుంది. అంత ఎత్తు నుంచి దానికి ఎవరి కబురూ వినబడదు. వినాలంటే వంగాలి. అది వంగడం నేర్చుకోవడమే కథ. ఈ కథను వకుళ తన మొగుడు మురారికి పెళ్ళయిన మూడో రోజే చెప్పింది. అతను బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగి. కథంతా విని, "ఆ స్తంభం వచ్చింది కానీ, ఏ ప్లాట్‌ఫారం మీదికొచ్చిందో చెప్పలేదు" అన్నాడు. ఆ మాటకు వకుళ రెండు రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళకు నవ్వడానికి ఆ మాత్రం చాలు.

చిక్కంతా ఒక ఫారంతో మొదలైంది.

సంస్థలో ఏ సినిమా మొదలుపెట్టాలన్నా ఒక పాత ఫారం నింపాలి. మనుషులతో సినిమాలు తీసి, అట్టతో కోటలు కట్టిన రోజుల్లో అచ్చువేయించింది. ఇంకా రెండు వేల కాగితాలు మిగిలాయి కాబట్టి అవి అయిపోయేదాకా వాడుతున్నారు. అందులో తొమ్మిదో గడి, "చేపట్టబోవు నిర్మాణములు."

"ఇది మనకి వర్తించదు కదండీ, గీత పెట్టేయనా?" అని సూపరింటెండెంట్ సాంబమూర్తి గారిని అడిగింది వకుళ.

సాంబమూర్తి గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అమ్మాయ్, గీత పెడితే ఎందుకు పెట్టావని అడుగుతారు. ఖాళీ వదిలితే ఎందుకు వదిలావని అడుగుతారు. ఏదో ఒకటి రాసెయ్. రాసినదాన్ని ఇంతవరకు ఎవరూ చదవలేదు."

వకుళ నిజాయితీ గల పిల్ల. నివాస గృహాలు నలభై రెండు, బడి ఒకటి, వంతెన ఒకటి, గడియార స్తంభం ఒకటి అని రాసింది.

ఆ సంవత్సరం చదివారు.

నెల తిరక్కుండా పట్టణ సక్రమ నిర్మాణ మండలి నుంచి నోటీసు వచ్చింది. "తమరు వంకరపేట అను స్థలమునందు నలభై రెండు గృహములను, తదితర కట్టడములను ముందస్తు అనుమతి లేకుండా చేపట్టుచున్నట్లు తమ స్వహస్త లిఖితము ద్వారానే మా దృష్టికి వచ్చియున్నది. కావున సదరు నిర్మాణములను తనిఖీ నిమిత్తము సిద్ధముగా ఉంచవలెను."

తనిఖీకి ప్రణాళికాధికారి దక్షిణామూర్తి గారు స్వయంగా వచ్చారు. పొడుగ్గా, నిటారుగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. ఆయన జేబులో టేపు, ఇంకో జేబులో ఇంకో టేపు. ఒకదాన్ని సరిచూడటానికి రెండోది. వకుళ గీతల బల్ల ముందు కూర్చుని, బొమ్మ మీద టేపు పరిచారు.

"ఇంటి ఎత్తు రెండంగుళాలు" అని రాసుకున్నారు. "నివాసయోగ్యం కాదు."

"సార్, ఇది బొమ్మ."

"ప్రతి ఇల్లూ మొదట బొమ్మేనమ్మా."

"ఇది ఎప్పటికీ బొమ్మే సార్. దీన్ని ఎవరూ కట్టరు."

"కట్టడం, కట్టకపోవడం మా శాఖ పరిధిలోకి రాదు." ఆయన గొంతులో కోపం లేదు, ఓర్పు ఉంది. "చూడమ్మా, ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. లక్షా పది వేల ఇళ్ళకు అనుమతి ఇచ్చాను. అన్నీ కాగితం మీదివే. ఒక్కదాన్ని కూడా బయటికెళ్ళి చూడలేదు. చూసినవాళ్ళెవరూ మళ్ళీ సంతకం పెట్టలేకపోయారు. నాకు కాగితం మీద ఉన్నదే ఇల్లు. నీది కాగితం మీద ఉందా, లేదా?"

"ఉంది సార్."

"మరి?"

ఆయన వేలు వీధి వెంట నడిచి, ఒక మూల ఆగింది. అక్కడ ఒక పెంకుటిల్లు, ఒక మేడ తల తలకు ఆనించుకుని ఉన్నాయి.

"ఇవేం చేస్తున్నాయి?"

"మాట్లాడుకుంటున్నాయి సార్. నిన్న మేడ ఇంట్లో పనసకాయ కూర వండారు. ఆ సంగతి."

దక్షిణామూర్తి గారు ఆ మూలను కాస్త ఎక్కువసేపే చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, "నిబంధనలకు విరుద్ధం" అని రాసుకున్నారు.

ఆయన పెట్టిన షరతులు మూడు పేజీలు. గోడలన్నీ నిలువుగా ఉండాలి. ఇంటికీ ఇంటికీ మధ్య రెండు వైపులా పదేసి అడుగులు వదలాలి. ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత, బడికి రెండో మెట్ల దారి, గడియార స్తంభానికి లిఫ్టు. ఇవన్నీ చూపిస్తూ మే నెలాఖరులోగా కొత్త ప్లాను దాఖలు చేయాలి.

వంకరపేట మీద తనిఖీ జరిగిందని తెలిశాక మిగతా శాఖలు ఊరుకుంటాయా? అగ్నిమాపక అధికారి వచ్చి, పదిహేడో ఇంటి కిటికీలో దీపం ఎందుకు వెలుగుతోందని అడిగారు. ముసలమ్మ మనవరాలికి కథ చెబుతోందని వకుళ చెబితే, కథ ఎంతసేపు పడుతుంది, అంతసేపూ దీపం దగ్గర బాధ్యత గల వ్యక్తి ఎవరు అని రాతపూర్వకంగా కోరారు. నీటి శాఖాయన వంతెన కింద నీలం రంగు చూసి, "ఈ కాలవకి ఎవరు వదిలారమ్మా నీళ్ళు?" అన్నారు.

"నేనే సార్. కుంచెతో."

"ఏ తేదీన? ఎన్ని క్యూసెక్కులు?"

ఇద్దరూ వెళుతూ వెళుతూ ఊరు చాలా బాగుందని, పిల్లలకు చూపించాలనుందని అన్నారు. మనుషులుగా అందరూ మంచివాళ్ళే. అదే వకుళకు ఎక్కువ బాధ కలిగించింది. తిట్టుకోవడానికి ఒక్కరూ దొరకలేదు.

సాంబమూర్తి గారు అసలు సంగతి మెల్లగా చెప్పారు. "అనుమతి రాకపోతే నీ సినిమాకు కేటాయించిన స్టూడియో నవంబరు దాకా ఇంకో సినిమాకు ఇచ్చేస్తారమ్మాయ్. 'పిల్లలూ, ఫారాలు నింపుదాం' అని ఒకటి సిద్ధంగా ఉంది. అందులో నువ్వు మళ్ళీ డిజైనర్‌వే. ఫారాలు గీయాలి."

వకుళ బెదిరిపోయి, షరతుల ప్రకారం ఊరు మళ్ళీ గీయడం మొదలుపెట్టింది. గోడలు నిలబెట్టింది. పదేసి అడుగులు వదిలింది. ఇళ్ళు ఒకదానికొకటి ఎంత దూరం జరిగాయంటే, కబుర్లు చెప్పుకోవాలంటే ఫోన్లు పెట్టించాలి. పనసకాయ కూర సంగతి పక్కింటికి చేరేసరికి కూర పాడైపోతుంది. గడియార స్తంభం వచ్చి నిలబడితే అందరిలాగే ఉంది. అది వంగాల్సిన అవసరమే లేదు. వంగితే పడిపోయేది అదొక్కటే.

సాంబమూర్తి గారు చూసి మెచ్చుకున్నారు. "భేష్! అచ్చం మా కాలనీలాగే ఉంది."

వకుళ ఆ కాగితాన్ని చుట్టి, చంకలో పెట్టుకుని, ఇంకో చేతిలో క్యారియర్ పట్టుకుని బస్టాండుకు వెళ్ళింది. మధ్యాహ్నం అక్కడ మొగుడితో కలిసి తినడం ఈ మూడు నెలల్లో ఆమె కనిపెట్టిన గొప్ప సుఖాల్లో ఒకటి. అద్దాల గదిలో మైకు ముందు ఇద్దరికీ ఒకే కుర్చీ, ఒక స్టూలు. స్టూలు ఎవరిదో ప్రతి రోజూ చిన్న తగాదా.

మురారి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "వకుళా! దొండకాయ వేపుడు అదిరింది. ఇంత సన్నగా ఎలా తరిగావు?" అన్నాడు.

ఆ మాట పన్నెండు ప్లాట్‌ఫారాల మీదా మార్మోగింది. మైకు ఆపడం మరిచిపోయాడు. బయట ఎవరో చప్పట్లు కొట్టారు. "ఎలా తరిగావో చెప్పమ్మా, మేమూ వింటాం" అని ఏడో ప్లాట్‌ఫారం నుంచి ఒకావిడ కేకేసింది. వకుళ సిగ్గుతో బల్ల కిందికి దూరబోయింది.

అంతలో ఒక పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "బాబూ, కొత్తరేవు బస్సులో నా సీటు పక్క కిటికీ అద్దం దిగట్లేదు. ఏం చేస్తారు?"

"అది మా డిపో బండి కాదు తాతగారూ. కొత్తరేవు డిపోది. అక్కడి కంట్రోలర్‌ని అడగాలి."

"అలాగా! మీది కాదా!" అని పెద్దాయన ఎంతో తేలికపడి వెళ్ళిపోయాడు.

"పాపం, ఆయన పని కాలేదుగా. మరెందుకంత సంతోషం?" అంది వకుళ. ఇంట్లో అతన్ని నువ్వంటుంది, అత్తగారి ముందు మీరంటుంది. బస్టాండు ఇల్లో కాదో ఇంకా తేల్చుకోలేదు.

"అందులో మహిమ ఉంది. మా డిపో కాదు అనగానే అడిగేవాడికీ శాంతి, చెప్పేవాడికీ శాంతి. ఆ మాట లేకపోతే ఈ బస్టాండులో రోజూ యుద్ధాలే."

వకుళ చేతిలోని ముద్ద చేతిలోనే ఆగింది. "మురారీ, మన వంకరపేట ఏ డిపో?"

"అదేంటి?"

"అది ఏ పురపాలక సంఘం కిందికి వస్తుంది? వీళ్ళ కిందికి వస్తుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు!" ఆమె స్టూలు మీంచి లేచింది. "పెరుగు నువ్వు తినేసెయ్. నేను పోతున్నా."

ఆ సాయంత్రం వంకరపేట నడిబొడ్డున ఒక కొత్త కట్టడం వెలిసింది. ఊరి మొత్తంలో అంతకంటే వంకర భవనం లేదు. దాని మీద "వంకరపేట పురపాలక సంఘం" అని బోర్డు. లోపల కుర్చీలో ఒక ప్రణాళికాధికారి. ఆయనకు మీసం పెట్టాల్సి వచ్చింది. వకుళకు ఆ రోజుల్లో గుర్తున్న మీసం ఒక్కటే, కాబట్టి అదే పెట్టింది. పేరు వక్రతుండ రావు. వంకరపేట నలభై రెండు ఇళ్ళకూ, తదితర కట్టడాలకూ అవి ఉన్నవి ఉన్నట్టుగా అనుమతిస్తూ ఆయన చేత ఒక ఉత్తర్వు జారీ చేయించి, సగం కోసిన బంగాళదుంప మీద చెక్కిన గుండ్రటి ముద్ర వేసింది.

దక్షిణామూర్తి గారు ఆ ఉత్తర్వును రెండు సార్లు చదివారు. ముద్రను వెలుతురుకు పెట్టి చూశారు, వాసన కూడా చూశారు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు ఆయన. ముఖం మీద ముప్పై ఒక్క ఏళ్ళ బరువు దిగినట్టుంది. "వేరే పురపాలక సంఘం పరిధిలో మేం వేలు పెట్టామని తెలిస్తే ఎంత అప్రతిష్ట! ఈ రావు గారు చాలా పద్ధతైన మనిషిలా ఉన్నారు. ముద్ర ఎంత గుండ్రంగా ఉంది! మాది ఒక పక్క అరిగిపోయింది."

అగ్నిమాపకం వారూ, నీటి శాఖ వారూ తమ ఫైళ్ళను "తదుపరి చర్య నిమిత్తం" వక్రతుండ రావు గారికే బదలాయించి హాయిగా ఉన్నారు. ఆయనకు వచ్చిన ప్రతి ఉత్తరానికీ వకుళ అదే రోజు జవాబు రాసింది. దీపం దగ్గర బాధ్యత గల వ్యక్తి ముసలమ్మే అనీ, కథ అయ్యేదాకా దీపం, నిద్రొచ్చేదాకా కథ అనీ రాసింది. అదే రోజు జవాబు రావడం ఆ ఆఫీసుల్లో ఎవరూ ఎరగరు. రావు గారి పేరు మార్మోగిపోయింది.

నవంబరు పద్నాలుగున సినిమా వేశారు. వందల మంది పిల్లలు. వంకరపేట ఇళ్ళు కబుర్లకు ఒరిగినప్పుడు, వాళ్ళకు తెలియకుండానే పిల్లలందరూ పక్కవాళ్ళ వైపు ఒరిగారు. హాలంతా ఒక పక్కకు వాలినట్టయింది. గడియార స్తంభం మొదటిసారి వంగి, "పనసకాయా? ఎవరింట్లో?" అన్నప్పుడు కప్పు ఎగిరిపోయేలా అరిచారు. వెనక నిలబడిన వకుళ మురారి చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. మూడో వరుసలో దక్షిణామూర్తి గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఆయన కూడా కుడి పక్కకు ఒరిగారు. ఆ పక్క కుర్చీ ఖాళీ. ఒక్క క్షణం అలాగే ఉండి, మెల్లగా నిటారుగా సర్దుకున్నారు.

వంకరపేట రెండో సినిమాకు సంక్రాంతి లోపే అనుమతి వచ్చింది. దానితో పాటు ఇంకో కాగితం కూడా. సాంబమూర్తి గారు దాన్ని పళ్ళెంలో పెట్టి తెచ్చినంత భక్తితో తెచ్చారు.

"ప్రతిభకు గుర్తింపమ్మాయ్! ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క ఫైలు మిగల్లేదు. వక్రతుండ రావు గారిని నాలుగు వేల ఫైళ్ళు పేరుకుపోయిన పెద్ద పట్టణానికి బదిలీ చేశారు."

"ఆయన బొమ్మ సార్!"

"బొమ్మైతే ఏం? సర్వీసు సర్వీసే."

"మరి వంకరపేటకు?"

"ఇన్‌చార్జిగా మన దక్షిణామూర్తి గారు."

వకుళకు కాళ్ళ కింద నేల వంకరపోయినట్టయింది. మళ్ళీ పదేసి అడుగులు, మళ్ళీ ఇంకుడు గుంతలు. వంగడం ఇప్పుడిప్పుడే నేర్చుకున్న స్తంభానికి లిఫ్టు.

ఇంటికి వచ్చి మురారికి చెబితే అతను ఒకటే అడిగాడు. "మీ రావు గారికి పెళ్ళయిందా?"

బదిలీ ఆపడానికి మన ఉద్యోగులకు ఉన్న రాచబాట అదే. భార్యా, భర్తా ఇద్దరూ ఉద్యోగులైతే ఒకే చోట ఉంచాలని నియమం. వకుళ రావు గారి పేరుతో దరఖాస్తు రాసింది. "నా భార్య వంకరపేటలో ఊరి బొమ్మలు గీయు ఉద్యోగమునందు ఉన్నందున..." పెళ్ళికి రుజువు కావాలి కాబట్టి పెళ్ళి ఫోటో గీసి జతపరిచింది. అందులో పెళ్ళికొడుకుకు మురారి మీసం. పెళ్ళికూతురి జడలో పువ్వుల మధ్య ఒక పెన్సిలు. చుట్టూ ఇళ్ళన్నీ ఒరిగి కిటికీల్లోంచి అక్షింతలు చల్లుతున్నాయి.

మురారి దాన్ని చాలాసేపు చూశాడు. "ఈయన మీసం నాకంటే బాగా వచ్చింది" అన్నాడు కాస్త అసూయగా. "మన పెళ్ళికి ఒక్క ఇల్లూ రాలేదే!"

నియమం ప్రకారం ఆ దరఖాస్తుపై సిఫారసు చేయాల్సింది ఇన్‌చార్జి అధికారి. దక్షిణామూర్తి గారు వచ్చి, బల్ల ముందు కూర్చున్నారు. రెండు టేపులూ జేబుల్లోనే ఉన్నాయి. పెళ్ళి ఫోటో చూసి, "భర్తను భార్య నుంచి వేరు చేయడం నిబంధనలకు విరుద్ధం" అని రాసి సంతకం పెట్టారు. బదిలీ రద్దు. రావు గారు వంకరపేటలోనే ఉంటారు.

వకుళ లేచి దండం పెట్టబోయింది. ఆయన మాత్రం లేవలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి, బల్ల మీద సాపు చేశారు.

"ఇది రావు గారికి అందజేయాలమ్మా. వంకరపేటలో నాకొక ఇంటి స్థలం."

"మీకా సార్?"

"ఇక్కడ నా ఇల్లు అన్ని నిబంధనల ప్రకారమే కట్టుకున్నాను. నాలుగు వైపులా పదేసి అడుగులు. పద్నాలుగేళ్ళయింది." ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "పక్కింటాయన పేరు నాకు ఇప్పటికీ తెలియదమ్మా. అడగాలంటే అరవాలి. అరిస్తే బాగుండదు కదా."

వక్రతుండ రావు గారు ఆ దరఖాస్తును అలవాటు ప్రకారం అదే రోజు, అదే గంటలో మంజూరు చేశారు. బంగాళదుంప ముద్ర ఇంకా తడిగానే ఉంది. వకుళ పెన్సిలు చెక్కుకుని నలభై మూడో ఇంటికి మొదటి గీత గీసింది. పెంకుటిల్లు, దానికో చిన్న వరండా. ఆకుపచ్చ తలుపు పెట్టమంటారా అంటే ఆయన తల ఊపారు.

"పక్కింటికి ఎంత వదలమంటారు సార్?"

దక్షిణామూర్తి గారు తలుపు వైపు చూశారు. సాంబమూర్తి గారు అటు తిరిగి టీ తాగుతున్నారు. అప్పుడు ఆయన కుర్చీలో మెల్లగా పక్కకి ఒరిగి, వకుళ చెవి దగ్గరకు వంగారు.

"అసలు వదలకమ్మా" అన్నారు.